అమెరికా జేబు చూసి ఐటీ షేరు ఎంచుకోవడం ఎలా?

శ్రీకాకుళం, విజయనగరం పాఠకుల నుంచి ఒకే ప్రశ్న మూడు నాలుగు రూపాల్లో వస్తోంది. "రూపాయి 90 దాటింది కదా, ఇన్ఫోసిస్ కొనొచ్చా?" "అమెరికాలో వడ్డీ తగ్గించారట, ఐటీ షేర్లు లేస్తాయా?" "టీసీఎస్ వైజాగ్ వస్తోంది, ఇప్పుడే కొని పెట్టుకోమంటారా?" అడగడంలో తప్పేం లేదు. రాజాం, బొబ్బిలి, టెక్కలి ఎక్కడికెళ్లినా వీధికో ఇంట్లో ఐటీ ఉద్యోగం చేసే పిల్లలున్నారు. ఆ కంపెనీల పేర్లు మనకు చుట్టాల పేర్లంత అలవాటు. షేరు కొనడానికి ఆ అలవాటు చాలదు, లెక్క కావాలి.

ముందు రెండు సంవత్సరాలు చూడండి. 2022లో డాలరు సుమారు 74 రూపాయల నుంచి 83 దాకా పాకింది. "రూపాయి పడితే ఐటీకి లాభం" అనే మాటే నిజమైతే ఆ ఏడాది ఐటీ షేర్లకు పండగ కావాలి. పెద్ద ఐటీ షేర్ల కదలికను చూపే నిఫ్టీ ఐటీ సూచీ ఆ ఏడాది సుమారు 26% పడింది. 2025లో అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడ్ సెప్టెంబరు, అక్టోబరు, డిసెంబరుల్లో మూడుసార్లు వడ్డీ తగ్గించింది. డిసెంబరులో డాలరు 90 దాటింది. జనం నమ్మే రెండు సూత్రాలూ ఒకే ఏడాది కలిసొచ్చాయి. అయినా నిఫ్టీ ఐటీ ఆ ఏడాది నష్టంతోనే ముగిసింది.

రెండు సార్లూ తప్పింది ఒకే చోట. ఐటీ కంపెనీకి బిల్లు కట్టేవాడు ఖర్చు పెంచుతున్నాడా, తగ్గిస్తున్నాడా అన్నది చూడకుండా రూపాయినీ వడ్డీనీ చూశారు. కింద చెప్పే పద్ధతి అంతా ఆ బిల్లు కట్టేవాడి జేబు చుట్టూనే తిరుగుతుంది.

కావలసినవి

- మూడు నుంచి ఐదేళ్లు ముట్టుకోనక్కర్లేని డబ్బు. చీటీ పాడిన డబ్బు, బంగారం తాకట్టు పెట్టి తెచ్చింది, బ్రోకరు ఎంటీఎఫ్ పేరుతో ఇచ్చే అప్పు, ఇవేవీ పనికిరావు.
- షేర్లు ఉంచుకునే డీమ్యాట్ ఖాతా.
- ఒక నోటుబుక్కు, లేదా ఎక్సెల్ షీటు. నోటుబుక్కే మేలు. రాసిన దాన్ని తర్వాత మార్చుకోవాలంటే కొట్టివేత కనబడుతుంది.
- మీరు చూస్తున్న కంపెనీ గత 8 త్రైమాసికాల ఫలితాల ప్రకటన, అంకెల వివరాలిచ్చే ఫ్యాక్ట్ షీట్. కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో ఇన్వెస్టర్ల విభాగంలో ఉచితంగా దొరుకుతాయి. ఎన్ఎస్ఈ, బీఎస్ఈ సైట్లలోనూ ఉంటాయి.
- నెలకు అరగంట, మూడు నెలలకోసారి ఒక పూట.

టెలిగ్రామ్ గ్రూపు మాత్రం అక్కర్లేదు. సలహా కావాలంటే మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లనే అడగండి. రీసెర్చ్ అనలిస్టు నంబరు ఐఎన్‌హెచ్‌తో, ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజరు నంబరు ఐఎన్‌ఏతో మొదలవుతుంది. ఆ నంబరు సెబీ సైట్‌లో ఉందో లేదో మీరే చూసుకోండి. ఎవరైనా కొత్త యాప్‌లో డబ్బు వేయించుకుని తీసుకోనివ్వకపోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

1. డబ్బు ఎవరి జేబులోంచి వస్తోందో రాయండి

"టెక్ షేరు" అని ఒకే గంపలో వేసేవాటిలో కనీసం నాలుగు రకాలున్నాయి. ఒకదానికి కలిసొచ్చే కాలం మరోదానికి గడ్డుకాలం.

మొదటి రకం ఎగుమతి సేవలు. టీసీఎస్, ఇన్ఫోసిస్, హెచ్‌సీఎల్ టెక్, విప్రో, టెక్ మహీంద్రా, ఎల్‌టీఐ మైండ్‌ట్రీ పెద్దవి. పర్సిస్టెంట్, కోఫోర్జ్, ఎంఫసిస్ మధ్యరకం. టీసీఎస్ ఆదాయంలో దాదాపు సగం, ఇన్ఫోసిస్ ఆదాయంలో సగానికి మించి ఉత్తర అమెరికా నుంచే వస్తుంది. కస్టమర్లలో పెద్ద వాటా బ్యాంకులు, బీమా కంపెనీలది.

రెండో రకం ఇంజినీరింగ్ పనులు చేసేవి. టాటా ఎల్‌క్సీ, కేపీఐటీ, ఎల్ అండ్ టీ టెక్నాలజీ సర్వీసెస్, హైదరాబాద్ కంపెనీ సైయెంట్ ఈ కోవలోవి. వీటి డబ్బు కార్ల కంపెనీలు, విమానాల కంపెనీల నుంచి వస్తుంది. అమెరికా బ్యాంకులు బాగున్నా జర్మనీ కార్ల అమ్మకాలు నీరసిస్తే కేపీఐటీ లాంటి కంపెనీకి ఇబ్బందే.

మూడో రకం మన దేశపు ప్లాట్‌ఫామ్‌లు. జొమాటో నడిపే ఎటర్నల్, పాలసీబజార్ నడిపే పీబీ ఫిన్‌టెక్, నౌకరీ నడిపే ఇన్ఫో ఎడ్జ్. వీటికి మన జనం ఖర్చు, మన రిజర్వు బ్యాంకు ఇతర బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ, అంటే రెపో రేటు ముఖ్యం. నౌకరీలో ఓ మెలిక ఉంది. ఐటీ కంపెనీలు కొత్తవాళ్లను తీసుకోవడం ఆపితే దాని బిల్లింగూ తగ్గుతుంది. అంటే చూడ్డానికి దేశీయ కంపెనీయే, వేరు మాత్రం మొదటి రకంలోనూ ఉంది.

నాలుగో రకం ఫోన్లు, టీవీలు, సర్క్యూట్ బోర్డులు తయారుచేసే డిక్సన్, కేన్స్, సిర్మా లాంటివి. విడిభాగాలు దిగుమతి చేసుకుంటాయి కాబట్టి డాలరు పెరగడం వీటికి ఖర్చు.

నోటుబుక్కులో ప్రతి కంపెనీకి ఒక పేజీ కేటాయించి, పైన మూడు లైన్లు రాయండి: ఏ దేశం నుంచి ఎంత శాతం, ఏ రంగం నుంచి ఎంత శాతం, మొదటి 5 లేదా 10 మంది కస్టమర్ల నుంచి ఎంత శాతం. ఎక్కువ ఎగుమతి కంపెనీలకు ఇవి ఫ్యాక్ట్ షీట్‌లో దొరుకుతాయి. ఈ మూడు లైన్లు నింపలేని కంపెనీ జోలికి వెళ్లకండి.

వైజాగ్ ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. 2025లో రాష్ట్ర ప్రభుత్వం టీసీఎస్‌కు విశాఖలో 21.16 ఎకరాలు 99 పైసలకు ఇచ్చింది. మన పిల్లలకు ఇది గొప్ప కబురు. కానీ 2024-25లో టీసీఎస్ ఆదాయం రూ. 2.55 లక్షల కోట్లు. విశాఖలో భవనం లేచినంత మాత్రాన న్యూయార్క్ బ్యాంకు ఇచ్చే ఆర్డరు మారదు. ఊళ్లోకి కంపెనీ వస్తోందన్న ఆనందంతో షేరు కొనకండి.

2. కస్టమరు ఊరి వాతావరణం నెలకోసారి చూడండి

మొదటి రకం షేర్లకు కింది నాలుగూ చాలు. ఇరవై సూచికలు పెట్టుకుంటే మీకు నచ్చిన జవాబు చెప్పేది ఏదో ఒకటి ఎప్పుడూ దొరుకుతుంది.

ఒకటి, ఫెడ్ వడ్డీ రేటు. ఏడాదికి 8 సమావేశాలు. నిర్ణయం మన టైములో వేసవిలో రాత్రి 11:30కి, చలికాలంలో అర్ధరాత్రి దాటాక 12:30కి వస్తుంది. మేలుకుని కూర్చోనక్కర్లేదు, పొద్దున్న రాసుకుంటే చాలు.

రెండు, అమెరికా 10 ఏళ్ల బాండు రాబడి, అంటే అక్కడి ప్రభుత్వానికి పదేళ్లకు అప్పిస్తే వచ్చే వడ్డీ. మూడు, ఉద్యోగాలు, ధరల లెక్కలు. ఇవి నెలకోసారి మన టైములో సాయంత్రం 6కి, చలికాలంలో 7కి వస్తాయి. ఉద్యోగాల లెక్క మామూలుగా నెల మొదటి శుక్రవారం.

నాలుగోది అన్నిటికన్నా విలువైనది, ఎక్కువమంది వదిలేసేది: కస్టమర్ల సొంత నోటి మాట. జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు నెలల మధ్యలో అమెరికా పెద్ద బ్యాంకులు ఫలితాలు చెబుతాయి. వాటిలో టెక్నాలజీ ఖర్చు గురించి ఏమన్నారో వెతకండి. టీసీఎస్ లాంటి పనే చేసే విదేశీ కంపెనీ యాక్సెంచర్ లెక్కల సంవత్సరం ఆగస్టుతో ముగుస్తుంది. దాని ఫలితాలు సెప్టెంబరు, డిసెంబరు, మార్చి, జూన్ నెలల్లో, అంటే టీసీఎస్ కన్నా రెండు మూడు వారాలు ముందే వస్తాయి. ఇద్దరికీ కస్టమర్లు ఒకే తరహావాళ్లు. యాక్సెంచర్ ఏడాది అంచనా పెంచిందా, తగ్గించిందా అన్న ఒక్క లైను పది టీవీ చర్చల పెట్టు.

రాయడం ఇలా: ప్రతిదాని పక్కన అంకె, దాని పక్కన పైకి, కిందకి, నిలకడ అని బాణం. చివర ఒక్క మాట: తెరిపి, మబ్బు, వాన. వడ్డీ దిగుతూ, ఉద్యోగాలు నిలకడగా ఉండి, కస్టమర్లు ఖర్చు పెంచుతామంటే తెరిపి. వడ్డీ వేగంగా పెరుగుతున్నా, ఉద్యోగాలు ఊడుతున్నా వాన. మిగతాదంతా మబ్బు. చాలా నెలలు మబ్బే వస్తుంది, కంగారుపడకండి.

*జాగ్రత్త: వడ్డీ ఎందుకు తగ్గించారో అడగకుండా బాణం గీయొద్దు.* 2001లో ఫెడ్ 11 సార్లు కోసి వడ్డీని 6.50% నుంచి 1.75%కి దించింది. కంపెనీలు అప్పటికే ఖర్చు బిగించేశాయి. 2000 మార్చిలో శిఖరానికి చేరిన అమెరికా టెక్ షేర్ల సూచీ నాస్‌డాక్ 2002 అక్టోబరు నాటికి సుమారు 78% కరిగిపోయింది. 2020 మార్చిలోనూ వడ్డీ సున్నాకు దిగింది. ఈసారి కస్టమర్లు ఇంటి నుంచి పని, ఆన్‌లైన్ అమ్మకాల కోసం డబ్బు కుమ్మరించారు. అప్పటి అడుగు నుంచి 2022 జనవరికి నిఫ్టీ ఐటీ మూడింతలు దాటింది. రెండుసార్లూ వడ్డీ కోతే. జేబు తెరుచుకుందా లేదా అన్నదే తేడా.

*రెండో జాగ్రత్త, టైము.* ఫెడ్ వడ్డీ పెంచడం 2022 మార్చిలో మొదలైంది, 2023 జులైలో 5.25-5.50% దగ్గర ఆగింది. షేర్లు 2022లోనే పడ్డాయి. కంపెనీల అంకెల్లో దెబ్బ పూర్తిగా కనబడింది 2023లో. ఇన్ఫోసిస్ ఆ ఏప్రిల్‌లో 4-7% పెరుగుదల అంచనా ఇచ్చింది, ఏప్రిల్ 17న షేరు 9%కి పైగా పడింది, జులైలో అంచనాను 1-3.5%కి కోసింది. షేరు ముందు నడుస్తుంది, లెక్క వెనక వస్తుంది. ఫలితాలు బాగా కనబడే దాకా ఆగితే ధర అప్పటికే వెళ్లిపోతుంది. ఫలితాలు బాగున్నాయని మబ్బులో కొంటే వానలో తడుస్తారు.

ఒక్కో కంపెనీకి ఇంకా దగ్గరి సూచిక ఉండొచ్చు. అమెరికాలో 30 ఏళ్ల ఇంటి రుణం వడ్డీ 2021లో 3% దగ్గర ఉండి 2022లో 7% దాటింది. పాత రుణం మార్చుకునేవాళ్లు ఆగిపోయారు. ఆ రుణ పత్రాల పని చేసే ఎంఫసిస్ విభాగానికి పని పడిపోయింది. ఈ షేరు చూసేవాళ్లు ఫెడ్ రేటు కన్నా ఇంటి రుణం రేటు చూడాలి.

3. రూపాయిని పక్కకు తీసి లెక్క వేయండి

పలాస జీడిపప్పు వ్యాపారికి ఇది సులువుగా అర్థమవుతుంది. ఆఫ్రికా నుంచి పిక్కలు తెప్పించుకుంటే చెల్లింపు డాలర్లలో. డాలరు పెరిగితే బస్తా ఖరీదు పెరుగుతుంది, పప్పు మాత్రం రూపాయల్లో అమ్మాలి. ఐటీ ఎగుమతి దీనికి తలకిందులు. రాబడి డాలర్లలో, జీతాల్లో పెద్ద భాగం రూపాయల్లో. కాబట్టి డాలరు పెరిగితే మిగులు పెరుగుతుంది, నిజమే. ఎంత? రూపాయి 1% పడితే లాభశాతం సుమారు 0.2 నుంచి 0.3 వరకు పెరుగుతుంది. అంతే. దాన్నీ జీతాల పెంపో, కస్టమరు అడిగే తగ్గింపో మింగేయొచ్చు. పైగా కంపెనీలు డాలర్లను ముందే ఒక రేటుకు అమ్మి పెట్టుకుంటాయి కాబట్టి లాభం వెంటనే చేతికి రాదు.

అసలు ప్రమాదం వేరే. పెరగని కంపెనీ పెరిగినట్టు కనబడుతుంది. ఈ లెక్క మీ పుస్తకంలో వేసి చూడండి.

పోయినేడు ఆదాయం 100 కోట్ల డాలర్లు, డాలరు 83 రూపాయలు: రూ. 8,300 కోట్లు.
ఈ ఏడు ఆదాయం 103 కోట్ల డాలర్లు, డాలరు 88 రూపాయలు: రూ. 9,064 కోట్లు.

పేపర్లో వార్త "ఆదాయం 9.2% వృద్ధి". కంపెనీ నిజంగా చేసిన వ్యాపారం పెరిగింది 3%. మిగతాదంతా రూపాయి పడడం వల్ల వచ్చింది. అందుకే ఫలితాల ప్రకటనలో "కాన్‌స్టంట్ కరెన్సీ" వృద్ధి అన్న గడి వెతకండి. మారకం రేట్ల ఎగుడుదిగుళ్లు తీసేసిన అంకె అది. నోటుబుక్కులో ఆ అంకే రాయండి, రూపాయల వృద్ధి రాయనే వద్దు. మారకం రేటు కావాలంటే రోజుకోసారి అధికారికంగా ప్రకటించే ఎఫ్‌బీఐఎల్ రిఫరెన్స్ రేటు తీసుకోండి, గూగుల్‌లో ఆ నిమిషం కనబడిన రేటు వద్దు.

4. కంపెనీ కాగితాలు

వాతావరణం ఏ రకం షేర్లు, ఎప్పుడు అన్నది చెబుతుంది. ఏ కంపెనీ అన్నది కాగితాలే చెప్పాలి. 8 త్రైమాసికాలు అడ్డంగా, కింది అంకెలు నిలువుగా గీసి నింపండి.

కాన్‌స్టంట్ కరెన్సీ వృద్ధి. పోయిన త్రైమాసికంతో కాకుండా పోయినేడు అదే త్రైమాసికంతో పోల్చండి. అక్టోబరు-డిసెంబరులో అమెరికా సెలవులు ఎక్కువ, బిల్లు వేసే రోజులు తక్కువ. ఏటా ఈ మూడు నెలలు నీరసంగానే ఉంటాయి. సంక్రాంతి ముందు ఈ ఫలితాలు చూసి భయపడి అమ్ముకునేవాళ్లు ప్రతి ఏడూ ఉంటారు.

కొత్త ఒప్పందాల మొత్తం విలువ, అంటే టీసీవీ. ఇక్కడ చాలామంది బోల్తా పడతారు. "200 కోట్ల డాలర్ల ఒప్పందం" అని పెద్ద అక్షరాల్లో వస్తుంది. అది 8 ఏళ్లకు పరచిన మొత్తమైతే ఏడాదికి వచ్చేది 25 కోట్లే. అందులో పాత ఒప్పందానికే మళ్లీ సంతకం పెట్టింది ఎంత, నికరంగా కొత్తది ఎంత అని చూడండి. ఇన్ఫోసిస్ ఈ విడదీత ఇస్తుంది. నాలుగైదు త్రైమాసికాలు వరుసగా టీసీవీ పెరిగినా ఆదాయం కదలకపోతే ఒక వైపు నీళ్లు పోస్తుంటే మరో వైపు కుండ కారుతోందని అర్థం. 2025లో రంగమంతా దాదాపు ఇదే పరిస్థితి. ఏఐ వచ్చాక అదే పనికి కస్టమరు తక్కువ ధర అడుగుతున్నాడు. మీ వాతావరణం పేజీలో ఇది కనబడదు, ఈ రెండు వరసలు పక్కపక్కన పెడితేనే తెలుస్తుంది.

ఆదాయంలో ఒక్కసారి వచ్చి పోయేది ఉందా? బీఎస్ఎన్ఎల్ 4జీ పని నడిచినంత కాలం టీసీఎస్ దేశీయ ఆదాయం ఎగిసింది, పని తగ్గాక దిగింది. అలాంటిది కనబడితే పక్కన గుర్తు పెట్టండి.

నిర్వహణ లాభశాతం, ఉద్యోగుల సంఖ్య, మానేసి వెళ్లేవాళ్ల శాతం రాసుకుంటే చాలు. జీతాలు పెంచిన త్రైమాసికంలో లాభశాతం కొంచెం తగ్గడం మామూలే.

ఏడాది అంచనా. ఇన్ఫోసిస్, హెచ్‌సీఎల్ టెక్ ఏడాదికి ఇస్తాయి, విప్రో రాబోయే త్రైమాసికానికి ఇస్తుంది, టీసీఎస్ ఇవ్వదు. అమెరికా కంపెనీలు చాలావరకు బడ్జెట్‌ను డిసెంబరు, జనవరి నెలల్లో ఖరారు చేసుకుంటాయి. అందుకే ఏప్రిల్‌లో వచ్చే అంచనా ఏడాది మొత్తంలో ముఖ్యమైన కాగితం.

చివరగా, చేతికొచ్చిన డబ్బు. ఇది తెలుగువాళ్లు ఎప్పటికీ వదలకూడని లెక్క. 2009 జనవరి 7న సత్యం అధిపతి రాసిన లేఖలో లేని నగదును రూ. 5,040 కోట్ల మేర ఉన్నట్టు చూపామని ఒప్పుకున్నారు. ఆ ఒక్కరోజే షేరు మూడొంతులకు పైగా పోయింది. ఏ వడ్డీ రేటూ, ఏ రూపాయీ దాన్ని ముందే చెప్పలేవు. మీరు రెండు భాగహారాలు చేయండి. నిర్వహణ నుంచి వచ్చిన నగదును నికర లాభంతో భాగించండి. మంచి ఐటీ కంపెనీకి ఏడాది మీద 0.8 నుంచి 1 దాకా, ఆపైన రావాలి. రెండోది, వడ్డీ రాబడిని సగటు నగదు, డిపాజిట్లతో భాగించండి. బ్యాంకు డిపాజిట్ వడ్డీకి దగ్గరగా రాకపోతే, ఎందుకో వార్షిక నివేదికలో దొరికే దాకా కొనకండి.

5. ధర ముందే ఎంత మింగేసిందో చూడండి

షేరు ధర, ఒక షేరుకు ఏడాదికి వచ్చే లాభానికి ఎన్ని రెట్లు ఉందో చెప్పే అంకె పీఈ. 2021 చివరికి ఇన్ఫోసిస్ పీఈ 35 దాటి ఉంది. కంపెనీ లాభం 2021-22లో రూ. 22,110 కోట్లు, మరుసటి ఏడు రూ. 24,095 కోట్లు. 9% పెరిగింది. 2022 క్యాలెండరు ఏడాదిలో షేరు మాత్రం సుమారు 20% పడింది. కంపెనీలో తప్పు లేదు, కొన్న ధరలో ఉంది.

లెక్క చిన్నదే. పీఈ 35 దగ్గర 100 రూపాయలకు కొన్నారు. లాభం 10% పెరిగింది, పీఈ 25కి దిగింది. 25ను 35తో భాగించి 110తో గుణిస్తే 78.6. లాభం పెరిగినా మీకు 21 రూపాయలు నష్టం. కొనే ముందు కంపెనీ పదేళ్ల సగటు పీఈ రాసుకుని, "ఇది సగటుకు దిగితే నాకు ఎంత మిగులుతుంది?" అని ఇదే లెక్క వేయండి. బాండు రాబడి పెరుగుతున్న రోజుల్లో పీఈ దిగడానికే అవకాశం ఎక్కువ, ఎందుకంటే భరోసా ఉన్న చోటే మంచి వడ్డీ దొరుకుతుంటే దూరపు లాభానికి ఎవరూ ఎక్కువ ధర పెట్టరు.

6. రెండింటినీ కలపండి

తెరిపి, పీఈ సగటు దగ్గర లేదా కింద: మొదటి రకంలో వృద్ధి పుంజుకుంటున్న కంపెనీలు, మధ్యరకంతో సహా చూడొచ్చు.

తెరిపి, పీఈ బాగా పైన: కొత్తగా కొనకండి. ఉన్నవి ఉంచుకోండి.

మబ్బు: పెద్ద కంపెనీలు, మంచి నగదు, డివిడెండు ఉన్నవి, అదీ కొంచెం కొంచెంగా. లేదా ఏ ఒక్కటీ ఎంచకుండా, సూచీలోని షేర్లన్నిటినీ కలిపి ఒకే షేరులా కొనుక్కోనిచ్చే నిఫ్టీ ఐటీ ఈటీఎఫ్.

వాన, పీఈ పైన: దూరంగా ఉండండి. వాన, పీఈ సగటుకు బాగా కింద: జాబితా తయారుచేసుకునే కాలం ఇదే. మొదటి తెరిపి బాణం కోసం ఆగండి.

అమెరికా వాన పడుతూ మన దగ్గర రెపో రేటు దిగుతుంటే మూడో రకం చూడండి. 2025 ఫిబ్రవరి మొదట్లో 6.50%గా ఉన్న రెపో డిసెంబరుకు 5.25%కి దిగింది. అయితే ఈ కంపెనీల్లో కొన్నిటికి లాభం ఇంకా పలచన. ఐదో మెట్టు వాటికి పనిచేయదు, నగదు ఎంతకాలానికి సరిపోతుందో చూడాల్సి ఉంటుంది.

వీసా, సుంకాల వార్తలు ఈ పట్టికలో కలపకండి. 2025 సెప్టెంబరు 19న కొత్త హెచ్-1బీ దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించాక, సోమవారం నిఫ్టీ ఐటీ దాదాపు 3% పడింది. అలాంటి రోజున ఒకే ప్రశ్న వేసుకోండి: ఇది కస్టమరు బడ్జెట్‌ను మారుస్తుందా, కంపెనీ ఖర్చును మారుస్తుందా? ఖర్చును అయితే, ఎంతమంది ఉద్యోగులకు వర్తిస్తుందో తెలిసేదాకా కొనడమూ అమ్మడమూ వద్దు.

7. కొనడం

అనుకున్న మొత్తాన్ని నాలుగు భాగాలు చేసి, నాలుగు త్రైమాసిక ఫలితాల తర్వాత ఒక్కో భాగం కొనండి. ఫలితాల ముందురోజు వద్దు. ఒక్కో కంపెనీకి మీ షేర్ల మొత్తంలో 5%, ఐటీ అంతటికీ కలిపి 15% దాటొద్దు.

మన జిల్లాల్లో చాలా ఇళ్లకు ఈ హద్దు కూడా ఎక్కువే. కొడుకో కోడలో బెంగళూరులో ఐటీ ఉద్యోగం చేస్తూ ఇంటి లోను కడుతున్నారనుకోండి. అమెరికా కస్టమరు చేయి బిగిస్తే జీతం పెంపు ఆగుతుంది, బోనస్ తగ్గుతుంది, కొత్త ప్రాజెక్టు దొరక్క బెంచి మీద కూర్చోవాల్సి వస్తుంది. సరిగ్గా ఆ నెలలోనే మీ ఐటీ షేర్లూ పడతాయి. కంపెనీ ఇచ్చిన షేర్లు కూడా ఉంటే అదే దెబ్బ మూడోసారి. ఇంటి రాబడిలో సగానికి మించి ఐటీ జీతం అయితే ఐటీ షేర్లు 5% లోపే ఉంచండి. తెలిసిన రంగం కదా అని ఎక్కువ పెట్టడం చాలా ఇళ్లలో జరుగుతున్న పొరపాటు. దయచేసి ఈ ఒక్కటీ ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి.

అమెరికా టెక్ కంపెనీలే కావాలంటే మన ఎక్స్ఛేంజీలో నాస్‌డాక్ 100 ఈటీఎఫ్‌లున్నాయి. కొనే ముందు తెర మీది ధరను, అందులోని షేర్ల అసలు విలువ చెప్పే ఐఎన్‌ఏవీతో పోల్చండి. విదేశీ పెట్టుబడికి ఫండ్లకు పరిమితి ఉండడంతో ఇవి అసలు విలువ కన్నా బాగా ఎక్కువకు అమ్ముడైన రోజులున్నాయి. తేడా 2% దాటితే ఆగండి.

పన్ను కూడా లెక్కలో ఉంచండి: ఏడాది లోపు అమ్మితే లాభం మీద 20%, ఏడాది దాటాక రూ. 1.25 లక్షలకు మించిన లాభం మీద 12.5%.

8. సరిగ్గా చేశారో లేదో చూసుకోవడం

కొన్న రోజే కంపెనీ పేజీ కింద నాలుగు లైన్లు రాయండి. నమూనా ఇది:

"వాతావరణం: మబ్బు నుంచి తెరిపికి. కారణం: యాక్సెంచర్ అంచనా పెంచింది, బ్యాంకులు ఖర్చు పెంచుతామన్నాయి.
ఆశ: రెండు త్రైమాసికాల్లో కాన్‌స్టంట్ కరెన్సీ వృద్ధి 2% నుంచి 4%కి.
నేను తప్పు అని చెప్పే అంకె: వృద్ధి 2% కన్నా తగ్గితే, లేదా ఏడాది అంచనా కోస్తే.
చూసే తేదీ: రెండో ఫలితాల మర్నాడు."

ధర ఈ నాలుగు లైన్లలో లేదు, గమనించండి. ధర 15% పడినా మూడో లైను తగలకపోతే అమ్మే పని లేదు. ధర 15% పెరిగినా మూడో లైను తగిలితే తర్వాతి భాగం కొనడం ఆపాలి. రెండు ఫలితాలు వరుసగా తగిలితే అమ్మేయండి. "నా కొన్న ధర వచ్చాక అమ్ముతా" అనుకోవడమే ఎక్కువమందిని ఏళ్ల తరబడి కట్టిపడేస్తోంది. మీరెంతకు కొన్నారో ఆ కంపెనీ కస్టమరుకు తెలియదు.

ఏడాదికోసారి రెండు పోలికలు చేయండి. మీ ఐటీ షేర్ల రాబడిని నిఫ్టీ ఐటీతో పోల్చితే కంపెనీని ఎంచడం వచ్చిందో లేదో తెలుస్తుంది. నిఫ్టీ ఐటీని నిఫ్టీ 50తో పోల్చితే వాతావరణం చదవడం వచ్చిందో లేదో తెలుస్తుంది. రెండూ వేరు. సూచీ 30% పెరిగిన ఏడు మీకు 25% వస్తే వాతావరణం బాగా చదివారు, కంపెనీని బాగా ఎంచలేదు. మూడేళ్లు వరుసగా మొదటి పోలికలో వెనకబడితే విడి షేర్లు ఆపి ఈటీఎఫ్‌కు మారండి. నెలవారీ వాతావరణం పేజీ అప్పుడూ పనికొస్తుంది.

టీసీఎస్ మామూలుగా జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు నెలల రెండో వారం అటూ ఇటూ ఫలితాలు చెబుతుంది. మార్కెట్ మూసేశాక సాయంత్రం వస్తాయి. ఆ సాయంత్రం టీవీ కట్టేసి, ఫ్యాక్ట్ షీట్ తెరిచి, ముందు కాన్‌స్టంట్ కరెన్సీ గడి నింపండి. మిగతా గడులు మర్నాడు పొద్దున్న నింపినా ఫరవాలేదు.